భుజం మీది చెయ్యి

ఆ ఉదయం శరభయ్యకు కడుపు మండిపోతోంది.

ఏళ్ళ తరబడి గురువుగారు ఏ దారిన నడిచినా ఆయన చెయ్యి శరభయ్య భుజం మీదే ఉండేది. ఆ భుజం ఎవరిదైతే వాడే ఆశ్రమానికి పెద్ద శిష్యుడని అందరూ అనుకునేవారు. శరభయ్య అందరికంటే గట్టిగా అనుకునేవాడు. అలాంటిది, ఇవాళ మడుగు చూడ్డానికి బయల్దేరగానే ఆయన వెళ్ళి నిన్నగాక మొన్న వచ్చిన గౌరీనాథుడి భుజం మీద చెయ్యి వేశారు. శరభయ్య చేతిలో దుర్భిణీ పెట్టారు.

"ఇది మెళ్ళో వేసుకో నాయనా," అన్నారు. అంతే.

ఆ మడుగు ఒకప్పుడు గుర్రపుడెక్కతో, దోమలతో కంపు కొట్టేది. శరభయ్యే మొలలోతు బురదలో దిగి డెక్కంతా పీకాడు. పూడిపోయిన వాగును తవ్వి నీళ్ళు మళ్ళించాడు. ఇప్పుడు జమ్ము లేచింది, పక్షులొచ్చాయి. తీరా గురువుగారు వాటిని చూడ్డానికి వస్తే, పక్కన నడిచే భాగ్యం ఆ కుర్రకుంకకు దక్కింది!

గట్టు మీద కాస్త వెనకగా నడుస్తూ శరభయ్య దుర్భిణీ కళ్ళకు పెట్టుకున్నాడు. దాని మధ్యనున్న చక్రం అటూ ఇటూ తిప్పి చూపు సరిచేసుకున్నాడు. ముందు నడుస్తున్న గౌరీనాథుడు ఏదో అన్నాడు. గురువుగారు పకపకా నవ్వారు. తనతో నడిచినప్పుడు ఎన్నడైనా అలా నవ్వారా? శరభయ్య దుర్భిణీ దించలేదు.

తూము దగ్గర గురువుగారు రాతి మీద కూర్చున్నారు. గౌరీనాథుడు జమ్ము దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం చూశావు శరభా?"

"పక్షులే స్వామీ. చాలా ఉన్నాయి."

"ఏదీ, ఇలా ఇవ్వు." దుర్భిణీ తీసుకుని నీళ్ళకేసి చూశారు. "ఏమిటిది, అంతా మసకమసగ్గా ఉంది?"

చక్రం ముట్టుకోకుండా అలాగే గౌరీనాథుడి వైపు తిప్పారు.

"ఆ, ఇప్పుడు బాగుంది. వాడి చెవి మీద దోమ కూడా కనిపిస్తోంది."

శరభయ్య మొహం మాడిపోయింది. ఇక దాచుకోలేకపోయాడు.

"ఆ భుజం నాది కదా స్వామీ! నేనేం తప్పు చేశాను?"

గురువుగారు దుర్భిణీ మళ్ళీ అతని మెళ్ళో వేశారు.

"నాకు భుజమిచ్చినవాడు రాళ్ళూ ముళ్ళూ చూసుకుంటూ, తల వంచుకుని నడవాలి. ఇవి నువ్వు తెచ్చిన నీళ్ళు. ఇవాళైనా తలెత్తి చూస్తావనుకున్నాను."

శరభయ్య దుర్భిణీ ఎత్తి, వేలితో చక్రం మెల్లగా జరిపాడు. మసకలోంచి గూడబాతు ఒకటి తేలి వచ్చింది. దాని ముక్కు కింది సంచిలోంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక మరొకటి. ఆ వెనక మడుగు నిండా.

ఎండెక్కింది. గురువుగారు లేచి, శరభయ్య వైపు చెయ్యి చాపారు.

శరభయ్య చూసుకోలేదు. గౌరీనాథుడే పరిగెత్తుకొచ్చి భుజం అందించాడు.