ములుకమ్మ మొగుడికి అద్దెదారు పట్టం

నల్లగుట్ట అడవిలో సింహం ఎన్నో ఏళ్ళ కిందటే ఇంటిపన్ను పెట్టింది. బొరియకు ఏడాదికి నాలుగు గంపల దుంపలు. సింహం దుంపలు ముట్టదు, అయినా పన్ను పన్నే. సొంత బొరియలో సొంతదారే కాపురముంటే సగం మాఫీ. అద్దెకిచ్చారో, మొత్తం కట్టాల్సిందే.

ఆ మాఫీతోనే నెట్టుకొస్తోంది ములుకమ్మ అనే ముళ్ళపంది. వాళ్ళమ్మ గోళ్ళు అరిగేలా తవ్విన బొరియ అది. మొన్న మాఘంలో ఈటెయ్యను పెళ్ళాడి ఇల్లరికం తెచ్చుకుంది. దాపరికం ఎరగని పిల్ల కనుక ఆ సంగతి తానే వెళ్ళి పన్నుల గుమాస్తా నక్కకు చెప్పింది.

నక్క పళ్ళికిలించింది. "శుభం! అయితే నీ మాఫీ రద్దు."

"అదేంటి మామా? ఇల్లు నాదే, ఉండేదీ నేనేగా?"

"వాడూ ఉంటున్నాడుగా! ఇల్లు వాడి పేరున లేదు. కాబట్టి వాడు అద్దెకున్నట్టే."

"మొగుడు అద్దెకుండటమేంటి మామా, విడ్డూరం!"

"చట్టానికి మొగుడూ తెలియదు, మామా తెలియదు. పున్నమికల్లా మొత్తం కట్టు, లేదా బొరియ ఖాళీ చెయ్యి."

ఆ బొరియ మీద నక్కకు ఎన్నాళ్ళనుంచో కన్ను. నాలుగు గంపలు కడితే ఆ జంటకు తిండే మిగలదని దానికి తెలుసు.

విషయం విని ఈటెయ్య తలొంచుకున్నాడు. "నేను బయట పొదలో ఉంటాలే. నావల్ల మీ అమ్మ ఇల్లు పోకూడదు."

ములుకమ్మ అతడి దారికి అడ్డం నిలిచింది. "నోర్ముయ్యి. నువ్వు పొదలో తడుస్తుంటే నాకు లోపల నిద్రెలా పడుతుంది?" అని కసిరింది. కాసేపు ఆలోచించి, అడవి తగువులు తీర్చే ఏనుగు పెద్దయ్య దగ్గర పంచాయితీ పెట్టించింది. నక్క పెళ్ళాన్ని కూడా పేరంటానికి పిలిచినట్టు మర్యాదగా వెంటబెట్టుకెళ్ళింది.

"మామా, నాతో అన్న మాట పెద్దయ్యకూ చెప్పు," అంది వినయంగా.

నక్క ఛాతీ విరుచుకుంది. "భార్య పేరునున్న ఇంట్లో ఉండే మొగుడు అద్దెకున్నవాడే!"

పక్కనుంచి నక్క పెళ్ళాం లేచింది. "ఓహో! మా నాన్న నాకిచ్చిన బొరియలో ఎనిమిదేళ్ళుగా పడుంటున్నావే, మరి నీ అద్దె ఏదీ? రోజుకో కోడి చొప్పున లెక్కగట్టి తీసుకురా!"

"అది కాదే... మనది వేరు..."

"వేరెలా అవుతుందిరా?" అంది ఏనుగు. "మీ బొరియకు ఇన్నేళ్ళూ వాడుకున్న మాఫీ కూడా కక్కాలి మరి."

నక్క గబగబా చెంపలేసుకుంది. "తప్పయింది పెద్దయ్యా! మొగుడు అద్దెకున్నవాడు కాదు, ఇంటి మనిషే!"

"అయితే ఈటెయ్య కూడా ఇంటి మనిషే. రాయి, మాఫీ."

నక్క వెంటనే రాసింది. ములుకమ్మ, ఈటెయ్య ముళ్ళు గుచ్చుకోనంత ఎడంగా, విడిపోనంత దగ్గరగా ఇంటిదారి పట్టారు. నక్క తన ఇంటికి చేరేసరికి పెళ్ళాం గుమ్మంలో అడ్డంగా పడుకుని ఉంది. "కోళ్ళు తెచ్చావా?" అని అడిగింది.

నీతి: ఎదుటివాడి మెడకు ఉచ్చు పేనేవాడు ముందు తన మెడ తడిమి చూసుకోవాలి.