బకెట్టుడు నీళ్లు

ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు సూరిబాబు ఆ బండి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు. రేకు చల్లగా ఉంది. రాత్రి నుంచి ఎవరూ స్టార్టు చెయ్యలేదన్నమాట.

"ఆయ్, చెయ్యి పెట్టుకోండి, చెంప పెట్టుకోండి. మీరు చెప్పినట్టే తాళం ముట్టుకోలేదండి," అన్నాడు బండి యజమాని ఎల్లాజీ.

ఉప్పాడ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు అది. అమ్మకానికి పెట్టింది డీజిల్ పికప్పు. మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. కొనడానికి వచ్చినవాడు సూరిబాబు బావ పల్లాలరావు. మారేడుమిల్లి నుంచి ఘాట్ రోడ్డు మీదుగా చింతపండు బస్తాలు, చీపురు కట్టలు దించే పని ఒప్పుకున్నాడు. సోమవారమే మొదటి లోడు. బస్తాల మీద కూలివాళ్లు కూర్చుని దిగుతారు. స్టీరింగు దగ్గర కూర్చునేది పల్లాలరావే.

వాళ్లతో పాటు రాజమండ్రి నుంచి జిలానీ మేస్త్రీ కూడా వచ్చాడు. సూరిబాబుకు పని నేర్పిన గురువు ఆయనే. ఎల్లాజీ ఇంటి అరుగు మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకున్నాడు.

సూరిబాబు ఆయన షెడ్డులో చేరి చాలా ఏళ్లయింది. కిందటి నెలలో ఒకరోజు పానా కడుగుతూ అడిగాడు: "గురువుగారూ, నేనింకా నేర్చుకోవలసింది ఏమన్నా ఉందాండి?"

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుని, "ఎవరికన్నా ఒక పాత బండి కొనిపెట్టు. నేను పక్కన కూర్చుంటాను," అన్నాడు.

ఆ షెడ్డులో అదే పద్ధతి. సొంతంగా షెడ్డు పెట్టుకోబోయే శిష్యుడు గురువు ఎదుట ఒక బండి చూడాలి. గురువు ఆ బండి గురించి శిష్యుడికి ఏమీ చెప్పడు. చూడడం అయ్యాక, బాగుందనుకుంటే శిష్యుడు తాళం కొనేవాడి చేతిలో పెడతాడు. ఆ క్షణం నుంచి ఆ బండికి పూచీ శిష్యుడిదే. సూరిబాబు తన పేరుతో బోర్డు అప్పటికే రాయించేశాడు. అది ఇంట్లో గోడ వైపు తిరిగి ఉంది.

అతను తీరిగ్గా పని మొదలుపెట్టాడు. స్టార్టు చెయ్యకముందే ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు. రేడియేటర్ మూత తిప్పి, నీళ్ల మీద నూనె తెట్టు కట్టిందేమో చూశాడు. క్లచ్చి, బ్రేకు పెడళ్ల రబ్బరు ఎంత అరిగిందో చూసి, మీటరు అంకెతో సరిపోయిందని తల ఊపాడు.

"మీటరు వెనక్కి తిప్పలేదు బావా. ఈ కాలంలో అదే గొప్ప."

"నేనేం తిప్పుతానండి? నాకు గడియారం తిప్పడమే రాదు," అన్నాడు ఎల్లాజీ.

సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకుంది. సైలెన్సర్ నుంచి పల్చటి పొగ వచ్చి, కాసేపటికి కనబడకుండా పోయింది. నీలం లేదు, నలుపు లేదు. సూరిబాబు ఆయిల్ పోసే మూత విప్పి, ఆ కన్నం మీదే బోర్లించి వదిలేశాడు. ఇంజను అరిగి లోపల గ్యాసు ఎక్కువైతే ఆ మూత ఎగిరెగిరి పడుతుంది. ఇది కదల్లేదు.

అతను బానెట్ కింద తల దూర్చి వింటున్నాడు. అరుగు మీద మేస్త్రీకి ఎల్లాజీ తల్లి పోలమ్మ టీ తెచ్చి ఇచ్చింది.

"బండిని బాగా చూసుకున్నారమ్మా. కొత్తదానిలా ఉంది," అన్నాడు మేస్త్రీ.

"ఎవులు చూసుకున్నారేటి? రోజూ సందేళ కడగడం నా వంతేనండి. ఆడు కడిగితే కంపు పోదు."

"ఏం వేసేవారమ్మా?"

"కొబ్బరికాయలండీ!" బండి అవతలి నుంచి ఎల్లాజీ గట్టిగా అన్నాడు. "కొబ్బరికాయలే!"

పోలమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సూరిబాబు తల ఎత్తలేదు. ఇంజను చప్పుడు ఎక్కడా తప్పటడుగు లేకుండా సాగుతోంది. హ్యాండు బ్రేకు లాగి, మూడో గేరు వేసి క్లచ్చి వదిలాడు. ఇంజను టక్కున ఆగింది. క్లచ్చి పట్టు బాగానే ఉందన్నమాట. బండిని ఊరి చివరి దాకా తోలుకుని వచ్చి, నిలబెట్టి, కింద ఇసుకలో ఆయిల్ చుక్క పడిందేమో వెతికాడు. పడలేదు.

"మూడు లక్షలు తిరిగిన ఇంజనులా లేదు బావా. ఇంకో లక్షన్నర దీనికి లెక్క కాదు." మేస్త్రీకి వినబడేలా అన్నాడు.

"అయితే తీసుకోమంటావా బామ్మర్దీ? మీ అక్కకు నీ మాటే చెబుతాను మరి. తేడా వస్తే అన్నం నీ ఇంట్లోనే."

సూరిబాబు నవ్వుతూ తాళం చేతిలోకి తీసుకుని బావ వైపు చాపాడు.

"అమ్మా," అన్నాడు మేస్త్రీ, ఇంటి లోపలి వైపు చూస్తూ. "బకెట్టుడు నీళ్లు ఇప్పించగలరా?"

సూరిబాబు చెయ్యి అక్కడే ఆగింది.

పోలమ్మ బకెట్టు తెచ్చింది. "కడుగుతారేటండి? నిన్ననే కడిగేను."

మేస్త్రీ బకెట్టు అందుకుని బండి వెనక్కి నడిచాడు. నీళ్లన్నీ ఒక్కసారిగా సరుకు వేసే తొట్టిలో కుమ్మరించాడు. గోనె సంచి ఒకటి నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. పక్కన అరచేత్తో తట్టి చోటు చూపించాడు.

సూరిబాబు కూడా పడుకున్నాడు.

బరువంతా మోసే రెండు పొడవాటి ఇనుప దూలాలు, ఛాసిస్, వాళ్ల మొహాల మీదుగా వెళ్తున్నాయి. రెండింటికీ నల్లరంగు కొత్తగా వేసి ఉంది. నీళ్లు తొట్టి సందుల్లోంచి దూలాల లోపలికి దిగుతున్న చప్పుడు వినబడింది. అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన రంధ్రం ఉంది. అది పూడుకుపోయినట్టుంది, అందులోంచి చుక్క రాలేదు. వెనక చక్రాల మీది కమాను పట్టీలు బిగించే చోట, నున్నటి నల్లరంగు మధ్యనుంచి, నీళ్లు ఎర్రగా కారడం మొదలుపెట్టాయి.

మేస్త్రీ ఒక చుక్క వేలి మీద పట్టి నాలుకకు రాసుకున్నాడు. సూరిబాబు వైపు చూశాడు. సూరిబాబు కూడా రాసుకున్నాడు.

ఉప్పగా ఉంది.

మేస్త్రీ జేబులోంచి చిన్న సుత్తి తీసి అతనికి ఇచ్చాడు. సూరిబాబు ముందు వైపు దూలం మీద కొట్టాడు. ఖంగుమంది. వెనక వైపు కొట్టాడు. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. మళ్లీ కొట్టలేదు. వేలితో నొక్కితే రంగు కింద పూసిన లప్పం విరిగి అతని గుండెల మీద రాలింది. వేలు లోపలికి వెళ్లింది.

బయటికి వచ్చి, తాళం ఎల్లాజీకి ఇచ్చేశాడు.

"సముద్రం ఒడ్డున తుప్పు లేని బండి ఏదండి?" అన్నాడు ఎల్లాజీ. "రొయ్యలూ వేశాం, కాదనను. ఐసు నీళ్లు కారతాయి. అందుకే రంగు వేయించాను కదా!"

"ఆ రంగు మీద జనాన్ని కూర్చోబెట్టి ఘాటీ దింపమంటావా?" పల్లాలరావు గొంతు లేచింది.

"ఇంజను మాత్రం బంగారం, ఎల్లాజీ," అన్నాడు మేస్త్రీ, చెప్పులు తొడుక్కుంటూ. "మావాడు చూసిందాంట్లో అబద్ధం లేదు."

పోలమ్మ ఖాళీ బకెట్టు తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్లింది.

తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర ఆగారు. సోమవారం లోడుకు అద్దె బండి కోసం పల్లాలరావు కొంచెం దూరంగా నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. సూరిబాబు గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"ఇంజను అంత బాగుందండి గురువుగారూ. అందుకని..."

"ఇంజను చెడితే ఏమవుద్దిరా?"

"బండి ఆగిపోద్దండి."

"ఊఁ," అన్నాడు మేస్త్రీ, టీ ఊదుకుంటూ.

సూరిబాబు గ్లాసు కింద పెట్టాడు. బావ వైపు చూశాడు. రాజమండ్రి చేరాక కూడా బోర్డు సంగతి ఎత్తలేదు. ఆయనా అడగలేదు.

తర్వాతి వారం ఎల్లాజీ ఫోను చేశాడు. ఇంజను విప్పించి ఒక బోటు యజమానికి అమ్మాడట. మిగతాది పాత ఇనుము కొట్టుకు తోలించాడు. అక్కడ ఛాసిస్ ముక్కలు చెయ్యడానికి గ్యాసు కట్టరు సిద్ధం చేశారు. వెనక కమాను దగ్గర దాని అవసరం రాలేదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఎత్తగానే అక్కడికి విరిగింది.