కజ్జికాయ అంచు

పరిశోధక విద్యార్థి ఫణీంద్ర తయారుచేసిన ప్రోటీన్ మొండికేసింది. రెండు చిన్న కొవ్వు బుడగల్ని దగ్గరికి లాగి, వాటి పొరలు కలిసి ఒకటే బుడగ అయ్యేలా చెయ్యడం దాని పని. మన నరాల్లో అది నిత్యం చేసే పనే. ఫణీంద్ర గాజుగొట్టంలో మాత్రం రెండింటినీ పక్కపక్కకి తెచ్చి ఊరుకుంటుంది. అలిగిన తోడికోడళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టినట్టు ఉండేది వ్యవహారం.

అతను ప్రోటీన్ తోక కత్తిరించాడు, తల మార్చాడు, మొత్తం మళ్లీ తయారుచేశాడు. లాభం లేకపోయింది. బుడగల జోలికి మాత్రం పోలేదు. లెక్క తేలిగ్గా ఉంటుందని మొదట్లోనే ఒకే రకం కొవ్వుతో చేసుకున్నాడు. గైడు హైమవతి మేడం తెప్పించిన మిగతా రకాలు ఫ్రీజర్ అడుగు అరలో మూత విప్పకుండానే ఉన్నాయి. బుడగంటే ఉత్త సంచీయే కదా అని అతని ధీమా.

మర్నాడు పీహెచ్‌డీ కమిటీ ముందు నిలబడాలి. ఈ ప్రోటీన్ పనికిరాదని చెప్పి, ఇన్నేళ్ల చాకిరీ వదిలేద్దామనుకున్నాడు. ఆ మాట మేడం చెవిన వేద్దామని సాయంత్రం ఆవిడ క్వార్టర్స్‌కి వెళ్లాడు. ఆవిడ వంటింట్లో కజ్జికాయలు చేస్తున్నారు.

“లోపం ఎక్కడుందో అంతు చిక్కడం లేదు మేడం. వదిలేస్తాను.”

“చేతులు కడుక్కురా. వత్తిన పూరీలు ఆ ఫ్యాను కిందున్నాయి చూడు, కొబ్బరి పెట్టి అంచులు నొక్కు.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఫణీంద్రకి. తన బతుకు తెల్లారిపోతుంటే ఈవిడకి పిండివంటలా! అయినా కూర్చుని, మడిచి, వేళ్లు ఎర్రబడేదాకా నొక్కాడు. నూనెలో వెయ్యగానే కజ్జికాయ నోరు తెరిచింది. కొబ్బరంతా చెదిరి మాడింది. రెండోదీ అంతే.

“నా వేళ్లకి చేతకావడం లేదు మేడం.”

ఆవిడ తడిగుడ్డ కింద నుంచి ఆరిపోని, మెత్తటి పూరీ ఇంకోటి తీసి చేతిలో పెట్టారు. విసుగ్గా, పరధ్యానంగా నొక్కాడు. ఇట్టే అంటుకుపోయింది. నూనెలో పొంగి, ఎర్రగా వేగింది. అంచు ఎక్కడా విడలేదు.

మేడం దాన్ని చిల్లుల గరిటెతో పైకి తీశారు.

“వేళ్లు మార్చావా ఏమిటి?” అన్నారు.

“లేదండీ.”

“సరే. వేడిగా ఉంది, చల్లారాక తిను.”

కజ్జికాయ కాగితంలో చుట్టుకుని ల్యాబుకి నడిచాడు. దారంతా అయోమయమే. అంచు, తడిగుడ్డ, తోక, తల అన్నీ కలగాపులగంగా తిరుగుతున్నాయి బుర్రలో. ఫ్రీజర్ తెరిచాడు. అలవాటుకొద్దీ చెయ్యి ప్రోటీన్ గొట్టాల మీదికి వెళ్లింది, మధ్యలో ఆగింది. మారింది వేళ్లు కాదు, పూరీ.

తరవాత నేల మీద కూలబడి అడుగు అర లాగాడు. వాటిలో ఏ కొవ్వు కావాలో అతనికి తెలియలేదు. అన్నీ బయటికి తీశాడు.