ఇసుక మీద ఆగిన బండి

ఎవరైనా సందేహం అడిగితే, నోటితో జవాబు చెప్పేముందు చేతికి ఏదో ఒక పని అప్పగించడం నిరంజనులవారి అలవాటు. ఆ పని అయ్యాక చాలామంది మళ్లీ ప్రశ్న ఎత్తేవారు కాదు. ఆ ఉదయం కామేశ్వరరావు మాత్రం జవాబు వినే వెళ్లాలని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గురువుగారూ, ఒక మనిషి చేసిన తప్పును క్షమించలేకపోతున్నాను. కళ్లు మూసుకుంటే అతని ముఖమే కనిపిస్తోంది. క్షమించడం ఎలాగో చెప్పండి."

ఆ మనిషి నూకరాజని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. వారి ఆశ్రమం గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బల మీద ఉంది. ఆ పక్కనున్న జాలర్ల పేటకు రోడ్డు లేదు. పేటలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఇసుకలో నడిచే లావు చక్రాల బండి మీద ఆసుపత్రికి పడవ దొరికే రేవు దాకా తీసుకురావలసిందే. ఆ బండిని ఎవరో భక్తుడు ఇచ్చాడు. నడిపేది పేటవాడైన నూకరాజు. దాని బాగోగులు చూసేది కామేశ్వరరావు. శ్రావణమాసంలో గంగమ్మ అనే ఆమెకు నొప్పులొస్తే నూకరాజు బండెక్కించుకుని బయలుదేరాడు. సగం దారిలో ఇంజను ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ అందుకోలేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. పోటు నీళ్లు చక్రాలను తాకుతుంటే నులకమంచం తెప్పించి, పేటవాళ్లు నలుగురు ఆమెను మోసుకుపోయారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

నూకరాజు ఆ బ్యాటరీకి పేటలోని ఫోన్లన్నీ తగిలించి చార్జింగు పెడతాడని ఎవరో అన్నారు. అతను కాదన్నాడు. కామేశ్వరరావు వినిపించుకోలేదు. "ఆ పసిబిడ్డ ఉసురు నీకు తగులుతుంది" అని అందరి ముందూ అని, పనిలోంచి పంపేశాడు. ఆ మాట పేటంతా పాకింది. అప్పటినుంచి నూకరాజును ఎవరూ తమ పడవ ఎక్కనివ్వడం లేదు.

నిరంజనులవారు అంతా విని, "బండి ఎలా ఉంది?" అని అడిగారు.

"కొత్త బ్యాటరీ వేయించానండి. నడిపేవాడు దొరక్క షెడ్డులోనే ఉంది."

"పద, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం."

సన్యాసం పుచ్చుకోకముందు ఆయన లాంచీ ఇంజన్లు బాగుచేసేవారు. పాత గుడ్డసంచిలోంచి వోల్టులు కొలిచే మీటరు తీసి శిష్యుడి చేతికిచ్చి, తాను షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ చూడమన్నారు. పన్నెండున్నర వోల్టులు చూపించింది. "ఇప్పుడు స్టార్ట్ చేసి కాస్త రేజ్ చెయ్యి. పద్నాలుగు దాకా ఎక్కాలి" అన్నారు.

కామేశ్వరరావు ఇంజను రేజ్ చేశాడు. అంకె ఎక్కలేదు. చూస్తుండగానే కొద్దికొద్దిగా దిగసాగింది.

"మీటరు పాడైనట్టుందండి" అన్నాడు. కామేశ్వరరావు మీటరు తీసి మళ్లీ పెట్టాడు. అదే వరస. బ్యాటరీ కొత్తది. దీన్ని నూకరాజు కంటితో కూడా చూడలేదు. దీనికి ఎవరూ ఫోన్లు తగిలించలేదు.

"ఇంజనులోంచి మూడు పసుపు తీగలు వస్తాయి. కరెంటు పుట్టేది అక్కడే. చూడు."

అక్కడ కరెంటు బాగానే ఉంది.

"ఆ తీగలు ఒక అల్యూమినియం డబ్బాలోకి పోతాయి. కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చేది అదే. దాంట్లోంచి బయటికొచ్చే ఎర్రతీగ దగ్గర పెట్టు."

పద్నాలుగు దాటింది.

"పుట్టాల్సింది పుడుతోంది, బ్యాటరీకి చేరడం లేదు. ఇంజను ఆపి, ఆ ఎర్రతీగ పట్టుకుని వెంటపో."

కామేశ్వరరావు మోకాళ్ల మీద వంగి, తీగను వేలితో తడుముకుంటూ వెనక్కి జరిగాడు. సీటు కింద తీగ శుభ్రంగా ఉంది. వెనక క్యారియరుకు బిగించిన మందుల పెట్టె ఇనప కాలు కిందికి దూరి, ఇక కదల్లేదు. రెంచీతో బోల్టు విప్పాడు. పెట్టె పైకెత్తి తీగను మెల్లగా లాగాడు. అది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. ఇనప కాలు కింద నలిగి పైతొడుగు చిట్లింది, ఉప్పునీరు లోపలికి దిగింది, రాగి అంతా పచ్చటి పొడి అయిపోయింది. ఆ పొడి అతని వేళ్లకు అంటుకుంది.

పెట్టెను బిగించింది అతనే. వేసవిలో, తన చేతులతో, మరొకరిని దగ్గరికి రానివ్వకుండా బిగించాడు. వానలు మొదలయ్యాక నూకరాజు వచ్చి, "పెట్టె బిగించిన కాణ్ణించీ బండి తేడాగా ఉందండి అయ్యగారూ, ఓసారి విప్పి చూద్దామండి" అన్నాడు. "మందుల పెట్టెకు వంకలు పెట్టకు" అని తాను కసిరాడు. నూకరాజు తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అందరి ముందూ అన్ని మాటలు పడ్డప్పుడు కూడా అతను పెట్టె ఊసెత్తలేదు. చెప్పినా తాను విని ఉండేవాడు కాదు.

కామేశ్వరరావు రెంచీ పక్కన పెట్టాడు. వేళ్లకున్న పచ్చటి పొడిని చూసుకున్నాడు. "కొత్త తీగ... నేను వేస్తానండి" అన్నాడు.

"తీగ నేను వేస్తాను" అన్నారు నిరంజనులవారు.

కామేశ్వరరావుకు అర్థమైంది. బండి పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నూకరాజు ముఖం ఎలా చూడనండీ? పేటంతా వింటుంది."

"ఆ రోజూ విన్నారుగా."

కామేశ్వరరావు చేతులు కూడా కడుక్కోకుండా ఇసుకలోకి దిగి, పేటవైపు తిరిగాడు. "ముందు నూకరాజు కాళ్ల మీద పడతానండి. తర్వాత నలుగురినీ పిలిచి జరిగింది చెబుతాను" అన్నాడు.

గురువుగారు అప్పటికే కొత్త తీగ చివర తొడుగు ఒలుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"నూకరాజు ఇల్లు పేట చివర, నాయనా. గంగమ్మ ఇల్లు అంతకంటే ముందే వస్తుంది."