పొయ్యిలోంచి లెగనన్న పిల్లి

ఒకప్పుడు పిల్లి గుర్రుమనేది కాదు. ఒళ్ళు నిమిరినా అనేది కాదు, పాలు పోసినా అనేది కాదు. 'మ్యావ్' తప్ప దానికి ఇంకో మాటే రాదు. నమ్మరా? నమ్మకపోతే మానెయ్యండి. నేను చెప్పడం మాత్రం మానను.

ఆ రోజుల్లో కొండదారి మొదట్లో ఒక పూటకూళ్ళ ఇల్లు ఉండేది. అంటే దారినపోయే వాళ్ళకి అన్నం వండిపెట్టి, పడుకోడానికి చాపా చోటూ ఇచ్చే ఇల్లన్నమాట. కొండ మీంచి పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు ఎడ్లబండ్ల మీద దింపేవాళ్ళంతా అక్కడే ఆగేవారు.

ఆ ఇంటామె పేరు గవరమ్మ. గొంతు పెద్దది, గరిటె అంతకన్నా పెద్దది. ఆమె మొగుడు చిన్నంనాయుడు కట్టెలు కొట్టేవాడు, నీళ్ళు మోసేవాడు, పెళ్ళాం ఏం చెప్పినా 'సరే' అనేవాడు. కూతురు మంగ పురిటికి వచ్చి ఉంది. పుట్టిన చంటిదానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు.

ఇంట్లో మనుషులకన్నా జంతువుల గోలే ఎక్కువ. కుక్క పేరు వీరడు. బండి మలుపు తిరిగేసరికే వాడు ఎదురెళ్ళి, తోక ఊపుకుంటూ ఇంటిదాకా తీసుకొచ్చేవాడు. కోడిపుంజు తెల్లారగట్ల బండివాళ్ళని లేపేది. గేదె పాలిచ్చేది. ఇచ్చి ఊరుకునేదా? పాలిచ్చానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఇక పిల్లి. బూడిదరంగు పిల్లి. నూకల బుట్టలో దొరికిందని దానికి నూకాలు అని పేరు పెట్టారు. దాని పనేమిటో ఎవరికీ తెలీదు. తినడం, పడుకోవడం, లేచి చోటు మార్చి మళ్ళీ పడుకోవడం, ఇంతే కనబడేది.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు!" అని పుంజు వెక్కిరించేది.

"నువ్వు కూస్తే పొద్దొస్తోందా? పొద్దొస్తుంటే నువ్వు కూస్తున్నావు," అనేది నూకాలు, కన్ను కూడా తెరవకుండా. పుంజుకి ఒళ్ళు మండిపోయేది.

నూకాలు పిలిస్తే రాదు, దిగమంటే దిగదు. మంగ ఒళ్ళోంచి తోసేస్తే మళ్ళీ అదే ఒళ్ళోకి ఎక్కేది. "దీనికింత పొగరేటే ఓలమ్మో!" అని గవరమ్మ పొద్దస్తమానం తిట్టేది. తిట్టి, దాని గిన్నెలో మీగడ వేసేది.

ఆ ఇంటికో ఆనవాయితీ ఉంది. గడప తొక్కినవాణ్ణి పొమ్మనకూడదు. చోటు చూసుకుని కూర్చున్నవాణ్ణి, ఎవరొచ్చినా సరే, లేపకూడదు. ఒకసారి ఒక షావుకారొచ్చి, మూల పడుకున్న గుడ్డి దాసరిని లేపి తనకి అక్కడ పక్క వెయ్యమన్నాడు. గవరమ్మ గరిటె చూపించింది. షావుకారు అరుగు మీదకి పోయి పడుకున్నాడు.

గవరమ్మకి ఇంకో అలవాటు కూడా ఉంది. వచ్చిన ప్రతివాడికీ కాళ్ళకి నీళ్ళిస్తూ, "నీకెక్కడ నచ్చితే అక్కడే పక్క వేస్తాను నాయనా," అనేది. అందరితోనూ అదే మాట. ఎవరైనా అడిగితే వసారా అడుగుతారు, లేకపోతే కిటికీ పక్కన అడుగుతారు. అంతకన్నా ఎవరేం అడుగుతారు? ఆ ధీమాతో అనేసేది. ఆ మాటే కొంప ముంచింది.

పుష్యమాసానికి పూసలు గుచ్చేంత పొద్దుండదంటారు. ఆ ఏడు ఆ కాస్త పొద్దు కూడా లేదు. పట్టపగలే మంచు కమ్మేసింది. బండ్లు ఆగిపోయాయి. ఒకనాటి మధ్యాహ్నం ఆ మంచులోంచి చలిదొర దిగాడు.

తెల్ల శాలువా, తెల్ల మీసం, చేతిలో వెండిపొన్ను కర్ర. ఆయన అడుగేసిన చోటల్లా గడ్డి తెల్లబడింది. వీరడు ఎదురెళ్ళి మొరిగాడు. చలిదొర వంగి వాడి ముక్కు మీద ఒక్క వేలు పెట్టాడు. అంతే, వాడు కుయ్యోమంటూ బండి కిందకి దూరాడు. ఆ ముక్కు ఈనాటికీ వెచ్చబడలేదు. కావాలంటే ముట్టుకుని చూడండి.

గవరమ్మ పొయ్యి దగ్గర్నుంచి పొగకళ్ళతో వచ్చింది. ఎవరో ఏమిటో చూసుకోలేదు. చెంబుతో నీళ్ళు అందిస్తూ, "నీకెక్కడ నచ్చితే అక్కడే పక్క వేస్తాను నాయనా," అనేసింది.

అన్నాక తలెత్తింది. చెంబు పట్టుకున్న చెయ్యి కొంకర్లు పోయింది. అప్పుడు తెలిసింది వచ్చిందెవరో.

చలిదొర లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. విస్తట్లో అన్నం పెడితే ఆవిరి చచ్చిపోయింది. నెయ్యి వేస్తే వేసింది వేసినట్టే గడ్డకట్టింది. గూట్లో కొబ్బరినూనె రాయైపోయింది. ఆయన మాత్రం తీరిగ్గా తిని, మూతి తుడుచుకుని, "వంట బాగుందమ్మా. ఇక కాస్త నడుం వాలుస్తాం. మా పక్క పొయ్యిలో వెయ్యి," అన్నాడు.

"ఏటీ?" అంది గవరమ్మ.

"పొయ్యిలో. కొండవతల ఊళ్ళన్నిట్లోనూ అలాగే పడుకుని వచ్చాం. ఇక మీ పొయ్యి ఒక్కటే మిగిలింది."

అప్పట్లో అగ్గిపెట్టెలు లేవర్రా. వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి దాచుకునేవారు. పొయ్యి ఆరిందంటే పక్క ఊరికి పోయి నిప్పు తెచ్చుకోవాలి. పక్క ఊళ్ళో పొయ్యి కూడా ఆరిపోతే ఎక్కడికి పోతారు? చలిదొర పడుకుని లేచిన పొయ్యిలో నిప్పు ఉంటుందా? తడిబూడిద ఉంటుంది.

చంటిది మంగ ఒళ్ళో మూలుగుతోంది. దాని పెదాలు అప్పటికే నల్లబడుతున్నాయి. ఆ నిప్పు పోతే ఆ పిల్ల పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చలిదొరకీ తెలుసు.

"నా మంచం ఇస్తాను దొరా. అటక ఇస్తాను. ఇల్లంతా తీసుకో. పొయ్యి మాత్రం అడక్కు," అంది గవరమ్మ.

"నచ్చిన చోట అన్నావు. ఆ మాట నీదేనా?"

"నాదే."

"మరింకేం?"

చిన్నంనాయుడు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి 'సరే' అనలేదు. "మాటా లేదు గీటా లేదు, నడు బయటికి!" అని గొడ్డలి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. పాపం, గొడ్డలితో సహా స్తంభంలా నిలబడిపోయాడు.

గవరమ్మ పొయ్యికి అడ్డంగా నిలబడి చేతులు చాచింది. "మాట తప్పాను, ఫో! ఊరూరా చెప్పుకో! గవరమ్మ మాట తప్పిందని కొండలెక్కి అరుచుకో! నా మనవరాలి ప్రాణం కన్నా ఎక్కువేటి నా మాట?"

చలిదొర నవ్వాడు. "ఇచ్చేసిన మాట నీది కాదమ్మా, మాది. నువ్వు పక్క వెయ్యక్కర్లేదు, మేమే పడుకుంటాం." ఉఫ్ మని ఊదాడు. గవరమ్మ కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. ఆయన ఆమెని తప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. ఆగిపోయాడు.

పొయ్యిలో పిల్లి ఉంది.

ఎప్పుడు దిగిందో అటక మీంచి దిగింది. ఎప్పుడు దూరిందో పొయ్యిలో దూరింది. నిప్పుల మీది బూడిదలో పొట్ట ఆనించి, కాళ్ళు లోపలికి ముడుచుకుని, ఇంటి పెత్తనమంతా తనదే అన్నట్టు కూర్చుంది.

"లే," అన్నాడు చలిదొర.

"లెగను," అంది నూకాలు.

"మేమెవరో తెలుసా?"

"తెలుసు. ముందు నేనొచ్చాను. అది నీకు తెలుసా?"

గవరమ్మకి కన్నీళ్ళతోపాటు నవ్వొచ్చింది. కాళ్ళు కదలవు గానీ నోటికేం? "విన్నావా దొరా! ఈ ఇంట్లో కూర్చున్నవాళ్ళని లేపడమన్నది లేదు. అది నా ఒక్కదాని మాట కాదు, ఈ గడప మాట. నా మాట పట్టుకుని పొయ్యిదాకా వచ్చావు కదా, గడప మాట కూడా మొయ్యి! దాని మీద చెయ్యి వేశావో, నువ్వు చుట్టానివి కావు, దొంగవి. దొంగని గడప దాటించడానికి మాకు ఏ ఆనవాయితీ అడ్డం రాదు!"

చలిదొర మీసం బిగిసింది. "ముట్టుకోం. అదే లేస్తుంది. నూకాలమ్మా, ఎండుచేపలు ఇప్పించమంటావా?"

"లెగను."

"కుండెడు మీగడ?"

దానికి నోరూరింది. అబద్ధమెందుకు, ఊరింది. మూతి ఒకసారి నాక్కుంది. "లెగను," అంది.

ఇక చలిదొర ఊదడం మొదలుపెట్టాడు. ఆ ఊదుడికి నూకాలు మీసాలు తెల్లబడ్డాయి. వీపు విల్లులా వంగింది. వెంట్రుక వెంట్రుకా నిక్కబొడుచుకుంది. పైనేమో చలి కోస్తోంది, కిందేమో నిప్పు కాలుస్తోంది. లేచి ఒక్క గెంతు గెంతితే రెండూ తప్పుతాయి.

"లేచి వచ్చెయ్యవే! చచ్చిపోతావే!" అని పుంజు ఏడ్చింది. ఎప్పుడూ వెక్కిరించే పుంజే.

"నువ్వు నోర్ముయ్యి. నేను లెగను," అంది నూకాలు.

అలా అన్నప్పుడే దానికో సంగతి తెలిసింది. 'లెగను' అని నోరు తెరిచినప్పుడల్లా చలి గొంతులోకి దిగుతోంది. గొంతులోంచి పొట్టలోకి పోతోంది. పొట్ట చల్లబడితే, పొట్ట కింద నిప్పూ చల్లబడుతోంది. అప్పటికే ఒక్క కణిక తప్ప మిగతావన్నీ నల్లబడిపోయాయి.

నోరు తెరిస్తే నిప్పు ఆరిపోతుంది. తెరవకపోతే చలిదొర ఏమనుకుంటాడు? పిల్లి ఒప్పుకుందనుకుంటాడు. ఒప్పుకోవడమా? నూకాలా? చావనైనా చస్తుంది గానీ ఒప్పుకోదు!

అది నోరు గట్టిగా మూసేసింది. కళ్ళు మూసేసింది. ఆ మాట మాత్రం మానలేదు. గొంతులోపలే, పొట్టలోపలే, బలంకొద్దీ అంది.

"గుర్ర్ర్ర్ర్..."

పొయ్యి అదిరింది. బూడిద కదిలింది. బూడిద కింద ఆ ఒక్క కణికా మెల్లగా ఎర్రబడింది.

"ఏమంటోంది?" అన్నాడు చలిదొర.

"లెగనంటోంది," అంది గవరమ్మ.

"గుర్ర్ర్ర్ర్..."

"ఇప్పుడేమంటోంది?"

"ఇప్పుడూ అదే అంటోంది. మళ్ళీ అడుగు, మళ్ళీ అదే చెప్తాను. నాకేం తొందర లేదు."

పిల్లి ఒంటిమీంచి వెచ్చని ఆవిరి వస్తోంది. మంగ అది చూసింది. ఇక ఒక్క క్షణం ఆగలేదు. చలిదొర చంక కిందనుంచి దూరి వెళ్ళి, చంటిదాన్ని పొయ్యిగట్టు మీద నూకాలు పక్కన పడుకోబెట్టింది. చంటిది చెయ్యి చాచి బూడిదరంగు బొచ్చు గుప్పెటతో పట్టుకుంది. కాసేపటికి దాని పెదాలకి రంగొచ్చింది. ఇంకాసేపటికి అది ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే, గొడ్లపాకలో గేదె కూడా ఉలిక్కిపడింది.

చలిదొర ఊదాడు, ఊదాడు, ఊది ఊది అలిసిపోయాడు. ఎన్ని ఊళ్ళు తిరిగాడో ఆయన, ఎన్ని పొయ్యిలు ఆర్పాడో! ఎక్కడా ఎవరూ 'లెగను' అనలేదు. అందరూ భయపడి తప్పుకున్నవాళ్ళే. అలాంటివాడు ఒక పిల్లి ముందు నడుం వంచుకుని ఎంతసేపు నిలబడతాడు? పొయ్యి సెగకి ఆయన శాలువా అంచు కరిగి నీళ్ళు కారడం మొదలైంది. టప్, టప్, టప్. నేలంతా తడి.

"ఇదేం ఇల్లు! చుట్టానికి నడుం వాల్చే చోటే లేదు!" అని విసుక్కుంటూ ఆయన కర్ర తీసుకున్నాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "ఏటేటా వస్తాం. గుర్తుపెట్టుకోండి," అన్నాడు.

"రా నాయనా రా," అంది గవరమ్మ, పట్టు వదిలిన కాళ్ళు రుద్దుకుంటూ. "అరుగు మీద చాప వేస్తాను. నచ్చిన చోట అని మాత్రం ఇంక చచ్చినా అనను."

చిన్నంనాయుడి చెయ్యి కిందకి దిగింది. గొడ్డలి పక్కన పెట్టి, "ఇప్పుడు సరే," అన్నాడు. ఆ ఒక్క కణిక మీద ఎండుపుల్లలు పేర్చి ఊదారు. మంట లేచింది. ఆ మంటతో దీపం పెట్టారు. మర్నాడు కొండవతల ఊళ్ళవాళ్ళంతా వచ్చి, అదే మంటలోంచి తలా కాస్త నిప్పు పట్టుకెళ్ళారు. నూకాలు మాత్రం పొయ్యిగట్టు మీంచి కదల్లేదు. దాని చుట్టూనే వంట చేసుకున్నారు.

ఇప్పుడు ఎవరింట్లోనైనా వంట లేదనడానికి 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అని వెక్కిరిస్తారు. వెక్కిరించేవాళ్ళని వెక్కిరించనివ్వండి. ఆ రోజు పొయ్యిలోంచి పిల్లి లేచి ఉంటే, ఈ రోజు ఏ ఇంట్లోనూ వంట ఉండేది కాదు.

అప్పటినుంచే పిల్లి గుర్రుమంటోంది. మీ ఒళ్ళో పడుకున్నప్పుడు, మీ పొట్ట మీద ముడుచుకున్నప్పుడు, నోరు మూసుకుని, కళ్ళు మూసుకుని, లోపల్లోపలే గుర్రుమంటోంది. ముద్దు చేస్తున్నందుకు మురిసిపోతోందని మీరనుకుంటారు. మురిపెమూ కాదు, మన్నూ కాదు! కాస్త దాన్ని దింపబోయి, అప్పుడు చెవి ఆనించి వినండి. లోపల గట్టిగా అంటున్నది ఇంకా ఆ ఒక్క మాటే.

లెగను.