కింద సన్యాసమ్మ ఉంది

అనగనగా ఒక ఊళ్లో ఒక చదువుల మేడ. ఎప్పటి సంగతని మాత్రం అడక్కండి, అడిగితే కథ ఆగిపోతుంది. మెడ పట్టేసేలా తలెత్తితే గానీ దాని కొస కనిపించేది కాదు. దాని ఒంటినిండా రాతి పలకలే. అవి పాతబడి, గాలి వీస్తే చాలు, ఊడి పడుతున్నాయి. పాతవి పీకేసి కొత్తవి అతికించమన్నారు పెద్దలు.

పరంజా కట్టారు. పైన గునపంతో పలకలు పీకేది కొండమ్మ. కింద మనుషుల్ని మళ్లించేది ఆమె తల్లి సన్యాసమ్మ.

సన్యాసమ్మ మొగుడు అప్పన్నదీ పైన రాళ్లు పీకే పనే. ఒకప్పుడు అతని చేతి రాయి జారి కింద పోయేవాడి ప్రాణం తీసింది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అతనే ముద్ద మింగలేక చిక్కి చిక్కి పోయాడు. "నా పిల్లకా గతి పట్టకూడదు తల్లీ" అని సన్యాసమ్మ బెంగ. కూర్చున్నా అదే, పడుకున్నా అదే.

గోడ వారగా పోతే గుమ్మానికి దగ్గర దారి. అందుకని అక్కడ అడ్డంగా తాడు కట్టారు. కొత్త పలకలు పైకి లాగడానికి తాడు చాల్లేదని మేస్త్రీ దాన్ని కాస్తా విప్పుకుపోయాడు. "రేపు కట్టేస్తాలే" అన్నాడు. మేస్త్రీల రేపు సంగతి మీకు తెలియనిదేముంది!

సన్యాసమ్మ కాళ్లు నిలవలేదు. తాడున్న చోట తనే నడిచింది. అటు నడిచింది, ఇటు నడిచింది, మళ్లీ అటు నడిచింది.

"అమ్మా, ఉన్నావా?" అని పైనుంచి కేక.

"ఉన్నానే, కానీ!" అని కిందనుంచి కేక.

అప్పుడే గునపం కదిలేది.

పరీక్షకు ఆలస్యమైన కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చారు. "సుట్టు తిరిగెల్లండి బాబూ" అంది. తిట్టుకుంటూ వెళ్లారు. పుస్తకంలో తల దూర్చి ఒక పంతులు వచ్చాడు. భుజం పట్టి మళ్లించింది. ఆఖరికి మేడకు పెద్దాయనే వచ్చాడు.

"నా మేడలో నాకే దారి చెబుతావా?"

"రాయికి తమరెవరో తెల్దు బాబూ."

ఆయన మొహం కందగడ్డ చేసుకుని చుట్టూ తిరిగి పోయాడు.

ఎండ వచ్చింది, నడిచింది. వాన వచ్చింది, నడిచింది. జ్వరం వచ్చింది, అప్పుడూ నడిచింది. ఒక పొద్దున మాత్రం లేవలేదు. ఎంత లేపినా లేవలేదు.

కర్మలన్నీ అయ్యాక కొండమ్మ మళ్లీ పరంజా ఎక్కింది. గునపం ఆనించి, అలవాటు కొద్దీ కేకేసింది.

"అమ్మా, ఉన్నావా?"

కొండమ్మ గునపం వెనక్కి తీసి కిందికి చూసింది. కింద తాడు లేదు, తల్లి లేదు. కుర్రాళ్లు అడ్డదారిన పడి వచ్చేస్తున్నారు.

అటుగా వస్తున్న పెద్దాయన ఆ కేక విన్నాడు. చెప్పులు విడిచాడు. కుర్రాళ్లకు చేతులడ్డం పెట్టి, తలెత్తి అరిచాడు.

"ఉన్నానమ్మా, కానీ!"

అని నడవడం మొదలుపెట్టాడు. అటు, ఇటు, మళ్లీ అటు. ఆఖరి పాత పలక దిగేదాకా ఎవరో ఒకరు నడిచారు.

ఈనాటికీ ఆ ఊళ్లో ఎత్తున పని చేసేవాళ్లు పనిముట్టు కదిపే ముందు "కింద సన్యాసమ్మ ఉందా?" అని కేకేస్తారు. ఆ దారిన పోయేవాళ్లు, ఎంతటివాళ్లయినా సరే, ఆగి "ఉన్నాను, కానీ!" అంటారు. అన్నవాళ్లు ఆ రాయి దిగేదాకా కదలరు.