బీరప్ప పొర్లుదండాలు

“స్వామీ, నూటెనిమిది పొర్లుదండాలు పెడితే పాపం పోతుందా?” అని అడిగాడు గొర్రెల కాపరి బీరప్ప. గుడిలో ఉండే గురువు సిద్ధయ్యస్వామి సంగతి ఊరందరికీ తెలిసిందే కదా, అడిగినదానికి తిన్నగా జవాబు చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయి. “పెట్టి చూడు” అన్నాడు.

పాపం చిన్నదేం కాదు. పదకొండేళ్ల కిందట బీరప్ప తాగించిన మందు వికటించి మందలో సగం గొర్రెలు చచ్చాయి. ఆ నేరం తీసుకెళ్లి, అన్న పోయాక ఒంటరిగా మిగిలిన వదిన ఓబులమ్మ నెత్తిన రుద్దాడు. ఆమె విషం పెడుతుంటే కళ్లారా చూశానని పెద్దల ముందు కర్పూరం ఆర్పి మరీ ప్రమాణం చేశాడు. ఆమెను వెలివేశారు. అప్పటినుంచి వాడికి తిన్న ముద్ద ఒంటపట్టలేదు.

సరే, తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లడానికి దిగాడు. చేతులు జోడించి, కళ్లు మూసుకుని పొర్లే మనిషికి దారి తెలియదు, ఒళ్లు ఓ పక్కకి లాగేస్తుంది. అందుకే కాళ్ల దగ్గర ఇంటిమనిషి ఒకరుండి సరిచెయ్యాలని అక్కడి ఆనవాయితీ. బీరప్పకు ఎవరూ లేరు. పొర్లడం, పోయి గోడకు కొట్టుకోవడం. గోడ తగిలితే ఆ చుట్టు చెల్లదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మూడు రోజులు, భుజాల తోలు లేచిపోయినా మానలేదు. ఒక్క చుట్టూ పూర్తి కాలేదు.

“నీకు ఇంటిమనిషే లేదా?” అన్నాడు స్వామి.

“వదిన ఒకతే.”

“పిలుచుకు రాపో.”

ఊరవతల గుడిసె ముందు తలొంచుకు నిలబడ్డాడు. ఓబులమ్మ చేతిలో చేట దించకుండానే అంది: “నువ్వాడిన మాటకే కదప్పా, నన్ను గుడి గడప తొక్కనీకుండా చేసినారు. ఇంగ ఎట్ల వచ్చేది?”

నిజం చెబితే వెలి తన మెడకే చుట్టుకుంటుంది. ఐనా పళ్ల బిగువున ఆ సాయంత్రమే పెద్దల ముందుకు పోయి, “గొర్రెల్ని చంపింది నా మందు. మా వదిన ఏ పాపమూ ఎరగదు” అని ఊరంతా వినేట్టు చెప్పేశాడు. పెద్దలు ఆమె వెలి ఎత్తేసి వాడిమీద వేశారు.

తెల్లారి ఓబులమ్మ తలస్నానం చేసి, టెంకాయ పట్టుకుని గుడికి వచ్చింది. వీధిలో నిలబడ్డ మరిది వంక కన్నెత్తైనా చూడలేదు. గుడి చుట్టూ నెమ్మదిగా ఒకసారి నడిచి, దండం పెట్టుకుని వెళ్లిపోయింది.

గుడి బయటకొచ్చిన స్వామి ముందు బీరప్ప భోరుమన్నాడు. “నన్నింక లోపలికి రానివ్వరు స్వామీ! నా మొక్కు ఏం కాను? ఒక్క ప్రదక్షిణైనా పూర్తికాలేదే!”

“పొద్దున ఒకటయిందిగా. నువ్వు చూస్తూనే ఉన్నావు కదరా” అన్నాడు స్వామి.